2016 ఆల్టోలో తిరుపతికి వెళ్లొచ్చా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లే రోడ్డులో కార్ల షెడ్డు నడుపుతున్న మెకానిక్, పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు

ప్రశ్న: మాది కాశీనగర్. 2016లో కొన్న ఆల్టో 800 ఉంది. తిరిగింది 41 వేల కిలోమీటర్లే. సంక్రాంతి వెళ్లాక నేను, మా ఆయన, అత్తగారు, పాప అందులోనే తిరుపతి వెళ్దామనుకుంటున్నాం. మా తమ్ముడేమో “అంత చిన్న బండి దారిలో వేడెక్కి ఆగిపోతుంది, రైలెక్కండి” అంటున్నాడు. బయలుదేరే ముందురోజు సర్వీసింగ్ చేయిస్తే సరిపోతుందా?
– ఒక టీచర్, కాశీనగర్

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. దారిలో వేడెక్కి ఆగిన బండ్లు నా షెడ్డుకి వస్తూనే ఉంటాయి. కానీ అవి చిన్నవి కాబట్టి ఆగలేదు. రేడియేటర్లో నీళ్లు లేక, ఫ్యాను తిరగక, గొట్టం పగిలి ఆగాయి. పెద్ద బండికైనా అదే గతి. మీ ఆల్టోలో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. గంటకి 75, 80 మీద రోజంతా నడిపినా దానికేం కాదు. వంద దాటిస్తే మాత్రం అరుస్తుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టినవి రెండు. “41 వేలే” అన్న మాట ఒకటి, “ముందురోజు సర్వీసింగ్” రెండోది.

తక్కువ తిరిగిన పాత బండిని చూసి అందరూ మురిసిపోతారు. నాకు భయం. రబ్బరు కిలోమీటర్లు లెక్కపెట్టుకోదు, ఏళ్లు లెక్కపెట్టుకుంటుంది. ముందు టైర్లు చూడండి. టైరు పక్క గోడ మీద ఒక చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మీవి బండితో వచ్చిన టైర్లే అయితే గీతలు లోతుగానే కనిపిస్తాయి, కానీ పక్క గోడలో సన్నటి పగుళ్లు వచ్చి ఉంటాయి. రోజూ స్కూలుకి వెళ్లొచ్చేటప్పుడు ఆ పగుళ్లు ఏమీ చేయవు. హైవే మీద నలుగురి బరువుతో, మధ్యాహ్నం ఎండలో గంటల తరబడి పరిగెత్తినప్పుడు పేలేది అలాంటి టైరే. ఆరేళ్లు దాటినవాటితో దూరప్రయాణం వద్దంటాను. మార్చేటప్పుడు వాల్వులు కూడా కొత్తవి వేయించండి, అదీ రబ్బరే. స్టెప్నీని మర్చిపోకండి. బండిలో అందరికన్నా ముసలిది అదే, అందులో గాలి ఉందో లేదో చూసే నాథుడుండడు.

గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. నిండు బరువుకి వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పెట్టించండి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మధ్యాహ్నానికి వేడికి మూడు నాలుగు పీఎస్‌ఐ పెరగడం మామూలే. ఎక్కువైందని గాలి తీయించకండి.

టైర్ల షాపులో గాలి మెషిన్‌తో నట్లు మరీ గట్టిగా బిగించేస్తారు. బండిలో ఉన్న స్పానర్‌తో అవి ఊడతాయో లేదో మీ ఆయన్ని ఇంటి దగ్గరే ఒకసారి ప్రయత్నించమనండి. ఊడకపోతే మళ్లీ ఆ షాపుకే వెళ్లి చేత్తో బిగించమని గట్టిగా అడగండి. తుని దగ్గర రాత్రిపూట ఈ సంగతి తెలిస్తే ఏం లాభం?

ఇక టైమింగ్ బెల్టు. ఆల్టో కె10లో చైన్ ఉంటుంది, మీ 800లో రబ్బరు బెల్టు. అది తెగితే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది, రోడ్డు పక్కన బాగుచేసే పని కాదు. ఇంతకుముందు మార్చిన బిల్లు మీ దగ్గర లేకపోతే మార్చలేదనే అనుకుని కొత్తది వేయించేయండి. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు కూడా అప్పుడే చూడమనండి. గొట్టం చల్లగా ఉన్నప్పుడు నొక్కితే మెత్తగా అణగాలి. కరకరలాడినా, పిండిలా జారిపోయినా పనికిరాదు. ఇంజిన్‌ని చల్లబరిచే రంగు ద్రవం, అదే కూలెంట్‌కి బదులు బోరు నీళ్లు పోసే అలవాటు మన వైపు చాలామందికి ఉంది. ఆ నీళ్లకి రేడియేటర్ లోపల తెల్లగా సున్నం పేరుకుని సన్నటి దారులు మూసుకుపోతాయి. మీకు తెలియకుండా ఎవరైనా పోశారేమో, కూలెంట్ ట్యాంకులో రంగు ఉందో లేదో చూడండి. ఏసీ వేసి, బండిని నిలబెట్టి స్టార్టింగ్‌లో ఉంచితే ముందు ఫ్యాను తిరగాలి. తిరగకపోతే మీ తమ్ముడి మాటే నిజమవుతుంది. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి.

బ్రేక్ ఆయిల్ గురించి ఎవరూ అడగరు, అందుకని నేనే చెప్తున్నాను. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140కే మరిగిపోవచ్చు. ఘాట్ రోడ్డులో వరసగా బ్రేకు తొక్కుతూ దిగితే చక్రాల దగ్గర ఆ వేడి పుడుతుంది. ఆయిల్‌లో ఆవిరి బుడగలు వచ్చాయంటే పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చాలి. మీరు ఎప్పుడైనా మార్పించారా?

తిరుమల కొండ మీదికి మీ కారే తీసుకెళ్లాలనుకుంటే, 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడుతున్నారు. మలుపులు ఎక్కువ. దిగేటప్పుడు సెకండ్ గేరులో ఉంచి ఇంజిన్‌తోనే బండిని ఆపుకోవాలి. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో పెట్టడం, తాళం తిప్పి ఇంజిన్ ఆపేయడం కొందరు తెలివనుకుంటారు. ఇంజిన్ ఆగితే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ పనిచేయదు. ఘాట్ అలవాటు లేకపోతే కారు కింద తిరుపతిలో పెట్టి ఆర్టీసీ బస్సెక్కండి, అత్తగారికీ హాయి.

సర్వీసింగ్ విషయం. బయలుదేరడానికి రెండు వారాల ముందు చేయించండి. కొత్తగా బిగించిన ప్రతి భాగంలో ఏదో ఒక లోపం ఉండే అవకాశం ఉంది. ఆయిల్ ఫిల్టర్ వదులుగా ఉండొచ్చు, క్లిప్పు సరిగ్గా పడకపోవచ్చు. ఆ లోపం ఇక్కడే బయటపడాలి. చేయించాక ఒక ఆదివారం శ్రీకాకుళం దాకా వెళ్లి రండి. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరిచి పొద్దున్న మరకలున్నాయేమో చూడండి. చక్రాలు విప్పిన పని జరిగి ఉంటే నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి. బ్యాటరీకి నాలుగేళ్లు నిండితే ఒకసారి టెస్ట్ చేయించండి.

సామాను గురించి ఒక్క మాట. మీ డిక్కీ 177 లీటర్లు. నలుగురి బట్టలు పడతాయి, స్టీలు క్యారియర్లు, పచ్చడి జాడీలు, దుప్పట్లు పట్టవు. పైన క్యారియర్ బిగించి ఎత్తుగా కట్టారంటే ఈదురుగాలికి, లారీ దాటేటప్పుడు బండి ఊగుతుంది. బరువైనవి కింద పెట్టండి. వెనక అద్దం దగ్గర ఏమీ పెట్టకండి, బ్రేకు వేస్తే నేరుగా తలలకే తగులుతాయి.

పర్లాకిమిడి నుంచి తిరుపతి రమారమి 900 కిలోమీటర్లు. ఒక్క రోజులో వద్దు, విజయవాడలో పడుకోండి. ఆనందపురం దగ్గర పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే రోడ్డు పట్టుకుంటే విశాఖ ట్రాఫిక్‌లోకి వెళ్లక్కర్లేదు.

ప్రశ్న: అన్నా, నాన్న వ్యాగన్ ఆర్‌లో ఐదుగురు ఫ్రెండ్స్‌మి రాయగడ నుంచి దేవ్‌మాలి వెళ్తున్నాం. పొగమంచు ఉంటుందంటున్నారు. పవర్‌ఫుల్ ఎల్‌ఈడీ లైట్లు బిగించమంటావా?
– రాయగడ

జవాబు: వద్దు తమ్ముడూ. మంచులో లైటు ఎంత పెంచితే అంత తెల్లగా తిరిగి నీ కళ్లలోనే కొడుతుంది. లో బీమ్ వేసుకో, నెమ్మదిగా వెళ్లు. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి నడపకు, నువ్వు ఎటు తిరుగుతావో వెనకవాడికి తెలియదు. అద్దానికి లోపల మంచు పడితే గుడ్డతో తుడుస్తూ కూర్చోకుండా ఏసీ వేసి గాలి అద్దానికి తిప్పు. దేవ్‌మాలి 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అంతకన్నా పెద్ద శిఖరం లేదు. ఐదుగురితో ఎక్కుతున్నప్పుడు సగం క్లచ్ మీద బండిని నిలబెట్టావంటే కాలిన వాసన వస్తుంది. ఆ వాసన ఖరీదు నాన్నే కట్టాలి. ఏటవాలులో ఆగితే హ్యాండ్ బ్రేక్ వెయ్యి, ఫస్ట్ గేరులోనే కదలు. మరీ నిట్టనిలువుగా ఉన్న చోట ఇద్దరు దిగి నడిస్తే వచ్చే నష్టమేమీ లేదు.

ప్రశ్న: మాది ఒడిశా నంబర్ కారు. ఆంధ్రాలో ఆపితే పర్మిట్ అడుగుతారా? పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కడిదే ఉండాలా?
– బరంపురం

జవాబు: సొంత కారుకి పర్మిట్ అక్కర్లేదు, అది టాక్సీలకే. పొల్యూషన్ సర్టిఫికెట్ ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది, తేదీ దాటకపోతే చాలు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్ డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపించవచ్చు. ఫోన్ చార్జింగ్ అయిపోయే రకమైతే కాగితాలు కూడా పెట్టుకోండి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి, అందులో డబ్బులున్నాయో లేదో ఇచ్ఛాపురం దాటకముందే చూసుకోండి.

ప్రశ్న: టైర్లలో నైట్రోజన్ నింపిస్తే మంచిదా?
– గుణుపూర్

జవాబు: చెడ్డది కాదు. కానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఆ డబ్బుతో ఒక గాలి గేజీ కొనుక్కోండి.

ప్రశ్న: హైవే ఎక్కే ముందు పెట్రోల్ ఎక్కడ పోయించాలి?
– పర్లాకిమిడి

జవాబు: ఊళ్లోనే. ఆంధ్రాలో లీటరు ధర మనకన్నా ఎక్కువ. పాతపట్నం వాళ్లే మన బంకులకి వస్తుంటే మనం అక్కడికెళ్లి పోయించుకోవడమేమిటి? ఆల్టో అయితే ట్యాంకు 35 లీటర్లు, నిండు బరువుతో లీటరుకి 18 వచ్చినా ఒక్క ట్యాంకుతో విజయవాడ చేరొచ్చు. తిరిగొచ్చేటప్పుడు అక్కడ ట్యాంకు నింపేయకుండా, ఇల్లు చేరడానికి సరిపడా, ఇంకో ఐదు లీటర్లు ఎక్కువ పోయించుకోండి.