పాత మండువా లోగిలి: బాగుచేయించాలా, పడగొట్టి కొత్తది కట్టాలా?

పునాది, గోడలు నిలకడగా ఉంటే పాత లోగిలిని బాగుచేయించుకోవడమే మేలు. పునాది ఇంకా కుంగుతూ ఉన్నా, గోడలు ఒరుగుతూ ఉన్నా పడగొట్టే ఆలోచన చేయాలి.

ఇలాంటి ఇళ్లలో ముందు పాడయ్యేవి పెంకులు, వాసాలు, పైపూత. ఇవన్నీ విడిగా మార్చుకోగలిగినవే. బరువు ఎక్కువగా మోసేది సున్నంతో కట్టిన మందపాటి ఇటుక గోడ.

ఉదాహరణకు, పెంకు పగిలి ఏళ్ల తరబడి వాననీరు కారి, టేకు దూలం గోడలోకి దూరే చోట పుచ్చిందనుకోండి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అక్కడ చెక్క పిండిలా రాలుతుంది, జానెడు ఇవతల మాత్రం మొన దిగదు. అంటే దూలమంతా పోలేదన్నమాట. ముందు నీరు కారకుండా ఆపి, కింద ఆసరా పెట్టి, పుచ్చినంత మేర కోసి కొత్త టేకు ముక్క అతికించవచ్చు. పని తెలిసిన వడ్రంగి కావాలి, అంతే.

గోడలో పగులు కనిపించగానే చాలామంది టెన్షన్ పడతారు. అది పెరుగుతోందా అన్నదే చూడాలి. పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్క గట్టిగా అతికించి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గమనించండి. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టే, స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించాలి. నల్లరేగడి నేలలో ఇది మరీ అవసరం, ఎందుకంటే ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది.

సిమెంటు పూస్తే పాత గోడ గట్టిపడుతుందన్నది పెద్ద అపోహ. సున్నపు గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది, లోపల ఇటుక పొడిపొడిగా రాలుతుంది. సున్నపు గోడకు సున్నమే పూయించాలి.