తోరణం చుట్టూ తెల్ల పెట్టె

ప్రశ్న: హన్మకొండలో ఒక ఆర్కిటెక్ట్ కార్యాలయంలో డ్రాఫ్టింగ్ పని చేస్తున్నాను. వరంగల్ కోట కీర్తి తోరణాన్ని సిరాతో గీసిన బొమ్మను స్కాన్ చేసి షీటు వివరాలు ఉండే టైటిల్ బ్లాకులో పెట్టాం. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో దాని చుట్టూ తెల్లని పెట్టె వచ్చి వెనుక ఉన్న హ్యాచ్‌ను (గీతల నమూనాతో నింపిన భాగాన్ని) కప్పేస్తోంది. జేపీజీని పీఎన్‌జీగా మార్చినా ఫలితం లేదు.

జవాబు: జేపీజీలో పారదర్శకతకు చోటే లేదు. అందులోని తెలుపు కూడా ఒక రంగే. దాన్ని పీఎన్‌జీగా సేవ్ చేస్తే ఆ తెలుపు అలాగే కొత్త ఫైల్లోకి వస్తుంది తప్ప, ఖాళీగా మారదు. ముందు ఆ తెలుపును మనమే తీసేయాలి.

ఉచితంగా దొరికే జింప్ అనే బొమ్మల ఎడిటర్‌లో బొమ్మ తెరిచి, లేయర్ మెనూలో ఆల్ఫా ఛానల్ (ఏ పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే సమాచారం) జోడించండి. చాలామంది ఇక్కడ మంత్రదండం గుర్తున్న పరికరంతో బయటి తెలుపును ఎంచుకుని తుడిచేస్తారు. అది ఒకదానికొకటి ఆనుకుని ఉన్న తెలుపునే పట్టుకుంటుంది. తోరణం శిల్పాల నడుమ, గీతలు చుట్టుముట్టిన చిన్నచిన్న సందుల్లో తెలుపు అలాగే మిగిలిపోతుంది. హ్యాచ్ మీద పెట్టగానే ఆ మచ్చలు బయటపడతాయి. గీత అంచుల్లో సగం నలుపు, సగం తెలుపు కలిసిన బూడిదరంగు పిక్సెళ్లు కూడా పోవు. గీత పక్కన పాలిపోయిన అంచు కనిపించేది వాటివల్లే.

మీది గీతల బొమ్మ కాబట్టి నేనైతే వేరే దారి పడతాను. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, జింప్‌లో ఇమేజ్, మోడ్, ఇండెక్స్‌డ్‌కు వెళ్లి నలుపు తెలుపుల ఒక బిట్ పాలెట్ ఎంచుకుని, టిఫ్‌గా ఎగుమతి చేయండి. నడిమి రంగులే ఉండవు కాబట్టి పాలిపోయిన అంచు బెడద ఉండదు. ఇలాంటి రెండు రంగుల బొమ్మలో గీతలకు ఆటోక్యాడ్ ఆ బొమ్మ ఉన్న లేయర్ రంగునే ఇస్తుంది. తోరణం ముదురు గోధుమ రంగులో కావాలంటే లేయర్ రంగు మారిస్తే చాలు. ఈ సౌలభ్యం నాకు ఎంతో ఇష్టం.

ఇక ఆటోక్యాడ్‌లో బొమ్మను ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో బ్యాక్‌గ్రౌండ్ ట్రాన్స్‌పరెన్సీకి ఎదురుగా ‘యెస్’ పెట్టండి. మొదట అది ‘నో’గానే ఉంటుంది. పీఎన్‌జీ సరిగా తయారుచేసినా పెట్టె పోకపోవడానికి తరచూ ఇదే కారణం. పైన జనరల్ భాగంలో ఉండే ట్రాన్స్‌పరెన్సీ వేరు. అది 0 నుంచి 90 వరకు బొమ్మ మొత్తాన్నీ పలచన చేస్తుంది. దాని జోలికి వెళ్లకండి. బొమ్మ చుట్టూ సన్నని చట్రం ప్రింటులో వస్తుంటే ఇమేజ్‌ఫ్రేమ్ అనే ఆటోక్యాడ్ సెట్టింగ్ విలువను 2 చేయండి. తెర మీద ఉంటుంది, కాగితం మీద రాదు.

ఒక మాట. ఈ గుర్తు మీ షీట్లన్నిటి మీదా ఉండబోతోందంటే, దాన్ని ఆటోక్యాడ్ సొంత గీతలైన పాలీలైన్లతో గీసుకోవడమే ఉత్తమం. తోరణం ఎడమ, కుడి ఒకేలా ఉంటాయి కాబట్టి సగం గీసి మిర్రర్ కొట్టి, మళ్లీ మళ్లీ వాడుకునేలా ఒకే బ్లాకు చేసుకోండి. ఎంత పెద్దదిగా వాడినా గీత చెదరదు.

ప్రశ్న: కరీంనగర్‌లో ప్లాన్లు గీస్తుంటాను. నా కంప్యూటర్‌లో కనిపించే లోగో, ఫైలు పంపాక అవతలివారికి కనిపించడం లేదు. ఫైలు పేరు మాత్రమే వస్తోందట.

జవాబు: ఆటోక్యాడ్ డ్రాయింగ్‌లో బొమ్మ ఉండదు, అది ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. డీడబ్ల్యూజీ (డ్రాయింగ్ ఫైలు) ఒక్కటే పంపితే ఆ చిరునామాలో అవతలివారి దగ్గర ఏమీ ఉండదు. ఈట్రాన్స్‌మిట్ ఆదేశంతో జిప్ చేస్తే బొమ్మలు కూడా కలిసి వెళ్తాయి. బొమ్మను విడిగా వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే అది కుదించుకుపోతుంది, కష్టపడి తెచ్చిన పారదర్శకత కూడా పోతుంది.