గ్యాస్ బావికి పొలం అడగబోయే ముందు

విశాఖపట్నం,
ఎం.వి.పి. కాలనీ.

చిరంజీవి కిరణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

సిరిపురంలోని గ్యాస్ కంపెనీ ఆఫీసులో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. భూముల విభాగం అనగానే నవ్వు ఆపుకోలేకపోయాను. ఇంజనీరింగ్ చదివినవాడికి బావి తవ్వే రిగ్గు దగ్గర పని ఇస్తారనుకుంటే, నేను రెవెన్యూ నుంచి డిప్యుటేషన్ మీద వెళ్లి తొమ్మిదేళ్లు మోసిన మూటే నీ నెత్తికి ఎత్తారు. కోనసీమలో బావికి విశాఖలో ఆఫీసు ఎందుకని అడిగావట. ఆ పొలాల పట్టాదారులు చాలామంది ఇక్కడే ఉంటారు నాన్నా, సీతమ్మధారలోనో, మధురవాడ అపార్ట్‌మెంట్లలోనో.

హ్యూస్టన్‌లో ఉన్న మీ అన్నయ్య చెప్పే లీజు వేరు, నువ్వు రాయించే లీజు వేరు. అమెరికాలో చాలాచోట్ల నేల కింది చమురు కూడా సొంతదారుదే. కంపెనీ దాన్ని లీజుకు తీసుకుని, తీసిన దాంట్లో ఎనిమిదో వంతో నాలుగో వంతో ముట్టజెబుతుంది. నేల ఒకరి చేతిలో, కింది ఖనిజం మరొకరి చేతిలో ఉండటం కూడా అక్కడ మామూలే. మన దగ్గర అడుగున ఉన్నది రైతుది కాదు. 1948 నాటి చట్టం, 1959 నాటి నియమాల ప్రకారం తవ్వుకునే లీజును ప్రభుత్వమే ఇస్తూ వచ్చింది. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. రైతు నుంచి నువ్వు తీసుకునేది రిగ్గు నిలబెట్టే చోటు, లారీ వెళ్లే దారి, అంతే. "మా గ్యాసులో మాకు వాటా ఏదీ?" అని మొదటి రోజే ఎవరో ఒకరు అడుగుతారు. నసగవద్దు. లేదని చెప్పు, ఎందుకు లేదో కూడా చెప్పు. "పైవాళ్లతో మాట్లాడి చూస్తాను" అన్నావంటే, నువ్వు కారెక్కేలోగా ఊరంతా దాన్ని హామీగా చెప్పుకుంటుంది.

కాగితాల సంగతి ఆఫీసులో నేర్పుతారు: ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసే అడంగల్, ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే 1బి, భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ జాబితా. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూమి, అని తేలితే అక్కడే ఆగి తహసీల్దారును కలువు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు. విదేశం నుంచి పవర్ ఆఫ్ అటార్నీ వస్తే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఈ గడువు దాటబెట్టిన ఘనులను చాలామందిని చూశాను.

కాగితం మీద ఒకరు, నేల మీద మరొకరు ఉంటారంటే నమ్మకపోతే, వచ్చే ఆదివారం సింహాచలం దగ్గరి పంచగ్రామాలకు వెళ్లి చూడు. రికార్డులో దేవస్థానం, నేల మీద ఇళ్లు. నాకు మాత్రం ఆ సంగతి ఇంటి పక్కన చూసినా అర్థం కాలేదు. అమలాపురం అవతల ఒక చేను గట్టు మీద అర్థమైంది.

రెండున్నర ఎకరాల వరి. పట్టాదారు లాసన్స్ బే కాలనీలో ఉండేవారు. హాలులో కూర్చోబెట్టి, ఫిల్టరు కాఫీ ఇప్పించి, కాగితాలన్నీ వరసగా చూపించారు. అడంగల్‌లో అనుభవదారు గడిలోనూ ఆయన పేరే. అద్దెతో పాటు పంట నష్టం చెక్కు కూడా ఆయనకే ఇచ్చాను. వారం తిరక్కుండా పొక్లెయిన్ వెళ్లింది. చేను పొట్ట మీద ఉంది. గట్టు మీద మొగుడూ పెళ్లామూ నిలబడి ఉన్నారు. మూడేళ్లుగా కౌలు చేస్తున్నారు, నోటిమాట మీదే. ఎరువుల కొట్లో బాకీ. ఆమె అరవలేదు. నా చేతిలోని ఫైలు తీసుకుని తిరగేసి, "ఇందులో మేము ఎక్కడున్నామమ్మా?" అంది. నాలుగు నెలలు తిరిగితే పట్టాదారు సగం ఇచ్చారు. మిగతా సగం ఎప్పటికీ రాలేదు. పంట ఎవరిదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అందుకని సంతకానికి ముందే చేలోకి వెళ్లు. ఆ చేనికి ఎవరు నీరు పెట్టుకుంటున్నారో కాలువ నీళ్లు చూసుకునే లస్కరుకు తెలుసు. కొబ్బరి తోట అయితే దింపు తీసేవాళ్లను, అంటే చెట్టెక్కి కాయలు దించేవాళ్లను అడుగు, కాయల డబ్బు ఎవరిస్తున్నారో చెబుతారు. 2019 చట్టంతో కౌలు రైతుకు సాగు హక్కు పత్రం వచ్చింది కానీ, దానికి పట్టాదారు ఒప్పుకోవాలి. ఆ పత్రం లేదు కాబట్టి కౌలుదారు లేడని రాసుకోవద్దు.

రిగ్గు దారి పంట బోదెను, అంటే చేలకు నీళ్లు పారే చిన్న కాలువను, దాటుతుందేమో చూడు. తూము వేయకుండా గ్రావెల్ తోలితే దిగువన పది మంది చేలు ఎండుతాయి. వాళ్లెవరూ నీ ఫైలులో ఉండరు. పైమట్టిని తీసి విడిగా పోగు పెట్టాలని, పొలం తిరిగి ఇచ్చేటప్పుడు గ్రావెల్ ఎత్తి ఆ మట్టే పరచాలని లీజులోనే రాయించు. తర్వాత చూద్దామంటే ఎవరూ చూడరు.

గ్యాసు గొట్టం వేసేచోట సంగతి మరీ సున్నితం. 1962 నాటి పైపులైన్ల చట్టం కింద తీసుకునేది వినియోగ హక్కు మాత్రమే. అభ్యంతరాలకు 21 రోజులు, పరిహారం మార్కెట్ విలువలో పది శాతం, పంట నష్టం వేరే. "భూమి మీదే ఉంటుంది" అని చెబితే రైతు తల ఊపుతాడు. ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి వేసుకోవచ్చు, కొబ్బరి వేయకూడదు. కోనసీమ రైతుకు ఈ మాట తల ఊపించక ముందే చెప్పాలి.

భద్రత గురించి అడిగితే మాత్రం నువ్వు జవాబు చెప్పకు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండటం కళ్లారా చూసినవాళ్లు, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాసు గొట్టం పేలి అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. భద్రతాధికారిని వెంటబెట్టుకెళ్లి, వాళ్ల ఎదుటే కూర్చోబెట్టు.

చేల కొలతలు గీసిన పాత ఎఫ్.ఎం.బి. పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. లింకు అంటే 7.92 అంగుళాలు, వంద లింకులు ఒక గొలుసు. మీటర్లనుకుని చదివితే ఎకరం చేను కాస్తా పాతిక ఎకరాలవుతుంది; నాతో పనిచేసిన ఒక కుర్రవాడు అలాగే చదివాడు. నా పాత స్కేలు బీరువాలో ఉంది, ఆదివారం వచ్చి తీసుకెళ్లు. మీ అమ్మ చేసిన మాగాయ ఒక సీసా తేవడం మరిచిపోకు.

మీ పెద్దమ్మ