పప్పు చూస్తే నోరు బిగిస్తున్న పాప: మిర్చి వేయకముందే ఒక గిన్నె పక్కకు తీయండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు నాలుగేళ్లు నిండాయి. బరువు 14 కిలోలు, ఎత్తు 98 సెంటీమీటర్లు. ఏడాదిగా పప్పన్నం ముద్ద దగ్గరకు తెస్తే చాలు, నోరు బిగించి తల తిప్పేస్తోంది. కారం అంటుంది. కారం తగ్గించి చేస్తే పోపు గింజలు ఉమ్మేస్తుంది. ఫోను చూపిస్తే నాలుగు ముద్దలు దిగుతాయి. పెరుగన్నం, ఇడ్లీ, బిస్కెట్లు మాత్రం ఇష్టంగా తింటుంది. ఏమీ తినడం లేదని రోజుకు మూడు గ్లాసుల పాలు పడుతున్నాం. విరేచనం రెండు మూడు రోజులకోసారి, అదీ కష్టంగా అవుతోంది. పప్పు పిల్లలకు అరగదు, వాతం చేస్తుంది, పైన తేరిన కట్టు పోస్తే చాలు అని మా అత్తగారు అంటున్నారు. పప్పు తినకపోతే ప్రొటీన్ ఎలా అందుతుంది? ఆకలి పుట్టించే టానిక్ ఏదైనా వాడవచ్చా?
ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు బరువు సంగతి చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టిక ప్రకారం నాలుగేళ్ల ఆడపిల్ల సగటు బరువు సుమారు 16 కిలోలు. 12.3 కిలోల కంటే తగ్గితే తక్కువ బరువుగా లెక్కిస్తాం. మీ పాప సగటుకు కొంచెం కిందే ఉన్నా, ఆ గీతకు బాగా పైన ఉంది. బరువుకు తగ్గ ఎత్తు కూడా ఉంది. కాబట్టి ఈ రాత్రి పప్పు ముద్ద దిగలేదని మీరు నిద్ర మానుకోవలసిన పని లేదు. పుట్టినప్పటి బరువుకు ఏడాదిలోనే మూడింతలయ్యే బిడ్డ, రెండేళ్లు దాటాక ఏడాదికి రెండు కిలోలు పెరిగితే ఎక్కువ. ఆకలి కూడా ఆ మేరకే ఉంటుంది. చక్కగా తినే బిడ్డ ఉన్నట్టుండి మానేసిందని తల్లులు మా దగ్గరకు వచ్చేది ఎక్కువగా ఈ వయసులోనే. కొత్త రుచిని, మెత్తని ముద్దలో హఠాత్తుగా పంటికి తగిలే గింజను అనుమానించడం కూడా ఈ వయసుకు సహజమే.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట పప్పు కాదు, మూడు గ్లాసుల పాలు.

లెక్క చూడండి. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం 4–6 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 16 గ్రాముల ప్రొటీన్ చాలు. గ్లాసు 200 మిల్లీలీటర్లు అనుకుంటే, మూడు గ్లాసుల పాలలోనే దాదాపు 19 గ్రాములు అందుతోంది. అంటే మీరు భయపడుతున్న చోట లోటు లేదు. నా భయం ఇనుము గురించి. ఆ వయసుకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పాలలో అది దాదాపు ఉండదు. పైగా పాలలోని కాల్షియం మిగతా ఆహారంలోని ఇనుమును కూడా సరిగ్గా ఒంటపట్టనివ్వదు. పీచు అసలే లేదు. విరేచనం కష్టంగా కావడానికి అదొక పెద్ద కారణం. పొట్ట గట్టిగా ఉన్న బిడ్డకు ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? పప్పు తినలేదని పాలు పడతాం, పాలతో కడుపు నిండిన బిడ్డ పప్పు ముట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ, అన్నం స్థానంలోకి పాలు రావడం వాటిలో ఒకటి. కలిగిన ఇళ్లలోనూ దీన్ని చూస్తున్నాను.

అందుకే రేపటి నుంచి పాలు రోజు మొత్తానికి రెండు గ్లాసులు, 400 మిల్లీలీటర్లు దాటనివ్వకండి. భోజనానికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు వద్దు, దాహమేస్తే మంచినీళ్లు ఇవ్వండి. మూడు నాలుగు రోజులు మారాం చేస్తుంది. ఆ నాలుగు రోజులు ఇంట్లో పెద్దలందరూ ఒక మాట మీద ఉండాలి.

ఇంకో సంగతి. ఇడ్లీ ఇష్టంగా తింటుందని మీరే రాశారు. ఇడ్లీలో ఉన్నది మినప్పప్పే కదా! మీ పాప పప్పు తినని పిల్ల కాదు. కారంగా, గింజలు తగిలేలా ఉన్న పప్పును వద్దంటోంది, అంతే. పెసరట్టును పూరీ అంత చిన్నగా, పచ్చిమిర్చి లేకుండా వేసి చూడండి, అదీ తినే అవకాశం ఎక్కువ. సాయంత్రం బిస్కెట్ల బదులు ఒక సున్నుండ ఇచ్చినా మంచిదే.

ఇక వంట. పాపకోసం వేరే పప్పు వండవద్దు. మీకు రెండు పనులవుతాయి, పాపకూ తనది వేరే తిండి అన్న అలవాటు పడుతుంది. ఇంటిల్లిపాదికీ ఉడికించిన పప్పులోంచే కారం, చింతపండు పడకముందు ఒక గిన్నెడు పక్కకు తీయండి. కందిపప్పు అయితే సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, కడిగి, అరగంట నానబెట్టండి. ఆ నీళ్లు వంపేసి, కప్పు పప్పుకు మూడు కప్పుల కొత్త నీళ్లు పోసి, చిటికెడు పసుపుతో కుక్కర్‌లో ఉడికించండి. మూత తీశాక ఒక పప్పు బద్దను రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. వెన్నలా జారిపోవాలి, పలుకు తగలకూడదు. పెద్దలకు తెలియని ఆ చిన్న పలుకు పిల్లల నాలుకకు ఇసుకలా తగులుతుంది. తర్వాత పప్పుగుత్తితో బాగా ఎనిపి, చాలీచాలనంత ఉప్పు, చెంచాడు నెయ్యి కలపండి. వెచ్చగా ఉండాలి, పొగలు కక్కకూడదు.

పోపు మాట. నా గదిలో కూర్చుని టిఫిన్ డబ్బాలోంచి పప్పన్నం తింటున్న ఒక బాబును ఆ మధ్య గమనించాను. ముద్దలోంచి ఆవగింజలను ఒక్కొక్కటే వేలితో తీసి డబ్బా అంచున వరుసగా అంటిస్తున్నాడు. చివరికి పదకొండు గింజలు తేలాయి. తినను అని వాడు ఒక్కసారి కూడా అనలేదు. గింజలు పోయాక మిగిలిన అన్నం మొత్తం తిన్నాడు. చిట్లిన ఆవగింజ చేదు, కరివేపాకు ఈనె, ఎండుమిర్చి ముక్క, ఇవే చాలామంది పిల్లలకు అడ్డం. అందుకని చిన్న గరిటెలో నెయ్యి కాచి, జీలకర్ర, ఆవగింజంత ఇంగువ వేసి, చిటపటలాడాక వడగట్టి ఆ నెయ్యి మాత్రమే పప్పులో పోయండి. వాసన ఉంటుంది, గింజ తగలదు. పోపులోని శనగపప్పు, వేరుశనగ పలుకులు ఈ వయసు పిల్లలకు గొంతులో అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది. అవి పాప ముద్దలోకి రాకుండా చూడండి. గిన్నె పొయ్యి మీద నుంచి దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. అందులోని విటమిన్ సి వల్ల పప్పులోని ఇనుము బాగా ఒంటపడుతుంది. ముందే పిండి మరిగిస్తే ఆ ప్రయోజనం చాలావరకు పోతుంది.

మొదటి వారం ఇలా ఒట్టి ముద్దపప్పు లేదా పెసరపప్పు పెట్టండి. రెండో వారం లేత సొరకాయో, చెక్కు తీసిన బీరకాయో పప్పుతోనే ఉడికించి ఎనపండి. తర్వాత పాలకూర, తోటకూర సన్నగా తరిగి కొద్దిగా కలపండి. పప్పు ఒక్కటే 11 మిల్లీగ్రాముల ఇనుము ఇవ్వలేదు, ఆకుకూర, రాగి జావ, గుడ్డు, మీరు తినేవారైతే మాంసం కూడా తోడు కావాలి. నెల దాటాక ఒక పచ్చిమిర్చి చీల్చకుండా పప్పులో వేసి ఉడికించి, తీసేయండి. కారం నిజానికి రుచి కాదు, మంట. ఆ మంటకు నాలుక మెల్లగా అలవాటు పడాలి. రోజుకు ఒక చిన్న గుప్పెడు, అంటే ఉడికించకముందు తూకంలో 30 గ్రాముల పప్పు ఒంట్లోకి వెళ్తే చాలు. అందులో ఏడు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, మనం తగ్గించిన గ్లాసు పాలలో ఉన్నదాని కంటే ఎక్కువే.

మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉంది. పప్పులోని కొన్ని చక్కెరలు చిన్న పేగులో అరగక, పెద్ద పేగుకు చేరి గ్యాస్ చేస్తాయి. నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే అవి తగ్గుతాయి. పెసరపప్పు మరీ తేలిక. మొదటి వారం కాస్త పొట్ట ఉబ్బినా తర్వాత సర్దుకుంటుంది. కానీ పైన తేరిన కట్టు ఒక్కటే చాలన్నది సరికాదని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. ప్రొటీన్, ఇనుము, పీచు చాలావరకు అడుగున ఉన్న ముద్దలోనే ఉండిపోతాయి. కట్టు పోస్తే కడుపు నీళ్లతో నిండుతుంది. కట్టు ఇష్టమైతే అడుగుదాకా కలిపి, చిక్కగా పోయండి.

పెట్టే తీరు కూడా మారాలి. ఫోను పక్కన పెట్టండి. తెర చూస్తూ తిన్న ముద్ద రుచి బిడ్డకు తెలియదు, ఇష్టం ఎలా పుడుతుంది? మీతోపాటు కింద కూర్చోబెట్టి, తన పళ్లెంలో ఇడ్లీ ముక్కో, పెరుగన్నమో ఇష్టమైనది ఒకటి, పక్కన రెండు చెంచాల పప్పు పెట్టండి. తన చేత్తో తననే కలుపుకోనివ్వండి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీ ఇష్టం. ఎంత తినాలో మాత్రం పాప ఇష్టం. అరచేతిలో పప్పు పెట్టి, అన్నం పెట్టి, అత్తారింటికి దారి చూపే ఆట మీ అత్తగారికి వచ్చే ఉంటుంది. ఆమెనే పక్కన కూర్చోమనండి. ఒక కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి పది, పదిహేనుసార్లు పళ్లెంలో కనబడవలసి రావచ్చు. మూడోసారికే విసిగి మానేస్తున్నాం. గిన్నె మిగిలిపోతే మారు మాట్లాడకుండా తీసేయండి. ముక్కు మూసి, చేతులు పట్టుకుని కుక్కడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

టానిక్ వద్దు. ఆకలి పుట్టిస్తాయని అమ్మే కొన్ని సిరప్‌లలో మగత కలిగించే మందులు ఉంటాయి. మానేయగానే ఆకలి మళ్లీ మొదటికి వస్తుంది. దాని బదులు దగ్గరలోని పిల్లల డాక్టర్ దగ్గర హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతే. అప్పుడు ఆహారం ఒక్కటే సరిపోదు, డాక్టర్ చెప్పిన మోతాదులో ఇనుము మందు వాడాలి. ఆ సీసా పాపకు అందనంత ఎత్తులో పెట్టండి, ఎక్కువ తాగితే ప్రాణం మీదికి వస్తుంది. గడిచిన ఆరు నెలల్లో నులిపురుగుల మాత్ర వేయించకపోతే అంగన్‌వాడీలో అడగండి. బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, తరచూ వాంతులు అవుతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, మట్టి, సుద్ద తింటున్నా, మొత్తం మీద అయిదారు పదార్థాలు తప్ప ఏదీ ముట్టకపోయినా ఇంటి వంటతో ప్రయత్నిస్తూ కూర్చోకండి, వెంటనే చూపించండి.

ఆరు వారాల తర్వాత నాకు మళ్లీ రాయండి. హిమోగ్లోబిన్ ఎంత వచ్చింది, పాలు ఎన్ని గ్లాసులకు దిగాయి, విరేచనం ఎన్ని రోజులకు అవుతోంది, ఈ మూడూ తప్పకుండా ఉండాలి.