మాట ఇచ్చి మరచిపోతున్నానన్న బాధకు

వందనాలు సిస్టర్. "ప్రార్థన చేస్తానని అందరికీ మాటిస్తున్నాను, ఇంటికెళ్లాక మరచిపోతున్నాను" అని రాశారు. మాది ఒడిశాలోని రాయగడ. ఆదివారం ఆరాధన అవగానే గుమ్మం దగ్గరే నలుగురైదుగురు పట్టుకుంటారు. ఒకరికి విశాఖలో ఆపరేషన్, ఇంకొకరికి కొడుకు ఉద్యోగం. నాకూ ఇదే టెన్షన్ ఉండేది.

ఇప్పుడు "చేస్తాను" అనడం మానేశాను. చెప్పులు విడిచిన చోటే నిలబడి, అప్పటికప్పుడు రెండు మాటలు ప్రార్థిస్తాను. మొన్న పక్కింటి ఒడియా ఆవిడ అడిగితే బోరింగు దగ్గర బిందె దించి మరీ చేశాం. మిగతా పేర్లు చిన్న నోట్‌బుక్‌లో, రోజుకు ముగ్గురు చాలు.

అందరినీ మీరొక్కరే మోయక్కర్లేదు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ని యేసు దగ్గరికి మోసుకొచ్చినవాళ్లు నలుగురు, యేసు చూసింది వాళ్ల విశ్వాసాన్ని. మీరూ ఇద్దరు ముగ్గురితో పంచుకోండి. కానీ పేరు, అవసరం వరకే. ఇంటి గొడవలు ప్రార్థన కూటంలో విప్పితే, కళ్లు మూసుకుని చెప్పినా అది చాడీయే!

బొత్తిగా మాటలు రాని రోజు బైబిల్లో రోమా పత్రిక 8:26 చూడండి, పరిశుద్ధాత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని ఉంది. ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోండి.