దువ్వడానికి కాలేదీ?

చిరంజీవికి,

ఇంగ్లీషు కవి థామస్ హుడ్ సమగ్ర కవితల మీద నువ్వు రాసిన వ్యాసం, రెండు అనువాదాలు అందాయి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ 'హాస్యకవి', 'గంభీరకవి' అని హుడ్‌ని రెండు ముక్కలు చేసి, మొదటి ముక్కని 'పొట్టకూటి రాతలు' అని కొట్టిపారేశావు చూడు, అక్కడే ఒళ్లు మండింది.

ఆ గోడ హుడ్ కట్టింది కాదు. ఆయన 1845లో పోయాక మాక్సన్ ప్రచురణగా 1846లో గంభీర కవితలు, 1847లో హాస్య కవితలు విడివిడిగా వచ్చాయి. మన సంపాదకులదీ అదే జబ్బు: నవ్వొస్తే చాలు, కవిత్వం పేజీలోంచి నవ్వుల పేజీకి నెట్టేస్తారు. నువ్వు మాత్రం ఏళ్లవారీగా పేర్చుకుని చదువు.

హుడ్ హాస్యకవిత 'నెల్లీ గ్రే'లో ఫిరంగి గుండుకి కాళ్లు పోయిన సిపాయి తన 'ఆర్మ్స్' కింద పెట్టేస్తాడు. ఆర్మ్స్ అంటే ఆయుధాలూ, చేతులూ. 1843 క్రిస్మస్‌కి 'పంచ్' హాస్యపత్రికలో పేరు లేకుండా వచ్చిన 'సాంగ్ ఆఫ్ ది షర్ట్'లో కుట్టుపని చేసే మనిషి జంటదారంతో చొక్కానీ, తన శవం మీద కప్పే గుడ్డనీ ఒకేసారి కుడుతుంది. అక్కడ నవ్వించిందీ ఇక్కడ ఏడిపించిందీ ఒకే పనిముట్టు: ఒక మాటకి రెండు పనులు చెప్పడం. హుడ్ ఇంకో కవితలో, బంగారు కాలున్న మిస్ కిల్మన్‌సెగ్‌ని మొగుడు ఆ కాలితోనే కొట్టి చంపుతాడు. చంపింది ఆమె సొంత కాలే కాబట్టి ఆత్మహత్య అని తేలుస్తారు. దీన్ని ఏ అధ్యాయంలో పెడతావు?

ఇక నీ 'నెల్లీ గ్రే' అనువాదం. 'ఆయుధాలు దించాడు' అని రాసి పక్కన కుండలీకరణంలో శ్లేష విప్పావు. విప్పిన శ్లేష చచ్చిన శ్లేష. మాటని వదిలెయ్, పనిని పట్టుకో. యుద్ధం, కాలు రెండూ కలిసే పలుకుబడి మనకుంది: కాలు దువ్వడం. మొదటి పాదంలోనే సిపాయి చేత కాలు దువ్వించు. మూడో పాదంలో గుండు పేల్చు. నాలుగో పాదం చివర 'దువ్వడానికి కాలేదీ?' అని ఆపు. హుడ్ బాలడ్‌లో, అంటే కథ చెప్పే పాటలో, పాదాలకి వరసగా నాలుగు, మూడు, నాలుగు, మూడు ఊనికలు (నొక్కి పలికే చోట్లు). ప్రాస రెండు, నాలుగు పాదాల చివర. దెబ్బ ఆఖరి మాట మీదే పడాలి. తర్వాత ఒక్క క్రియ మిగిలినా నవ్వు చల్లారిపోతుంది.

చొక్కా పాటలో 'కుట్టు, చంకముక్క, పట్టీ' వరస మరుసటి పాదంలో తిరగబడుతుంది. విసుగొచ్చిందని నువ్వు ఒకసారికే సరిపెట్టావు. ఆ విసుగే ఆమె బతుకు. రెండు పాదాలూ తిరిగి పెట్టి, గట్టిగా చదివి చూసి పంపు.