మా నాన్నకి వేరే గ్లాసు

ప్రశ్న: మా ఊరి టీకొట్టులో మా నాన్నకి ఇంకా వేరే గ్లాసే. 1927లో మహద్‌లో చేసినట్టు శాంతియుతంగా నిరసన చేస్తే ఇప్పుడు పనవుతుందా?
– ఒక విద్యార్థి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అవుతుంది తమ్ముడూ. మహారాష్ట్రలోని మహద్ ఊరి చెరువు అందరిదీ అని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానించినా దళితుల్ని దిగనివ్వలేదు, 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి దోసిట్లో నీళ్లు తీసుకుని తాగారు, అంతే. తర్వాత అగ్రకులాల వాళ్లు వీళ్లని కర్రలతో కొట్టారు, అయినా తిరిగి చెయ్యెత్తొద్దన్నారాయన. ఆ చెరువు కేసు హైకోర్టులో గెలిచేసరికి 1937. పదేళ్లు!

మీరూ నలుగురు వెళ్లి కూర్చుని అందరి గ్లాసే అడగండి, ఇవ్వకపోతే అరవకండి, లేవకండి, తేదీ, టైమూ రాసుకోండి. హోటల్లో గ్లాసు దగ్గర అంటరానితనం పాటిస్తే 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. కానీ ముందు నాన్నగారిని అడగండి, రేపు ఆ ఊళ్లో ఉండాల్సింది ఆయనే కదా.